తగువు లేని మడి రద్దు

మా ఊరి పురపాలక సంఘానికి మొక్కల మీద ప్రేమ అప్పుడప్పుడూ పుడుతూనే ఉంటుంది. ఒక ఏడాది రోడ్డు మధ్యన గన్నేరు మొక్కలు నాటారు, మరుసటి ఏడాది అవి ఎండిపోయిన చోట సిమెంటు కొంగల్ని నిలబెట్టారు. మనుషుల మీద ప్రేమ పుట్టడం మాత్రం కొత్త. అది పుట్టినప్పటి నుంచి మేం కాస్త ఒళ్ళు దగ్గర పెట్టుకుని తిరుగుతున్నాం.

ఊరి చివర పాత మంచినీళ్ళ ఫిల్టరు బెడ్ల స్థలం ఒకటి ఊరికే పడి ఉండేది. దాన్ని చదును చేసి, ఇరవై నాలుగు మడులుగా విడగొట్టి, సొంత జాగా లేనివాళ్ళకి చీటీలు తీసి పంచారు. ఒక్కొక్కటి ఇరవై అడుగుల పొడవు, పదిహేను అడుగుల వెడల్పు. మడికీ మడికీ మధ్య జానెడు గట్టు. కూరగాయలు పండించుకోవాలి, ఇంటికి పట్టుకెళ్ళాలి, పక్క మడివాళ్ళతో సఖ్యంగా ఉండాలి. పథకం పేరు 'మన మడి, మన మైత్రి'. మొదటి ఏడాది ఎవరికీ ఏ ఇబ్బందీ రాలేదు. మొదటి ఏడాది అధికారులెవరూ అటువైపు రాలేదు మరి.

పదకొండో నెంబరు మడి భీమశంకరానికి వచ్చింది. సహకార శాఖలో ముప్పై నాలుగేళ్ళు పనిచేసి సూపరింటెండెంటుగా రిటైరైన మనిషి. మట్టి అంటే ఏమిటో తెలియదు గాని, ముసాయిదా రాయడంలో జిల్లాలో అతనికి సాటి లేదని పేరు. అతను రాసిన ఉత్తర్వులోంచి ఎవరూ తప్పించుకుపోలేరని శాఖలో అందరూ అనేవారు. అది పొగడ్తేనని అతను చాలాకాలం అనుకున్నాడు.

సాగు మొదలుపెట్టిన రోజున అతను గుప్పెడు ధనియాలు తెచ్చి, ఒక్కొక్క గింజకీ స్కేలుతో దూరం కొలిచి పాతిపెట్టాడు. పద్దెనిమిది రోజులు రోజూ వెళ్ళి చూశాడు. భూమి నోరు విప్పలేదు. పంతొమ్మిదో రోజున పక్క మడిలోంచి ఒక గొంతు వినిపించింది.

"ఏటండీ, దనియాలు అలా గుండుగానే పాతేశారా? నలిపెయ్యాలండి బాబూ. రెండు బద్దలవ్వాలి. ఉండండి, నేనొస్తన్నా."

అలా వచ్చినవాడు గుత్తుల మావుళ్ళు, పన్నెండో మడి. ముప్పై ఏళ్ళు ఆర్టీసీ బస్సు నడిపి రిటైరయ్యాడు. రెండో అంతస్తులో అద్దె గది. ఆ మడి తప్ప ఈ భూమ్మీద అతను తనదని చేత్తో ముట్టుకోవడానికి చారెడు మట్టి లేదు. గట్టు దాటి వచ్చి, చెప్పు కింద వేసి ధనియాలు నలిపి, చల్లి, మట్టి కప్పి వెళ్ళాడు. వారం తిరిగేసరికి కొత్తిమీర మొలిచింది. భీమశంకరం ఆ మొలకల్ని ఇంట్లో మనిషికి పురుడొచ్చినంత సంబరంగా వీధిలో నలుగురికీ చెప్పుకున్నాడు.

ఇక అక్కడి నుంచి రోజూ అదే వరస. పొద్దున ఆరింటికి ఇద్దరూ వచ్చేవారు. మావుళ్ళు గట్టు దాటి వచ్చి ఇక్కడో కొమ్మ సరిచేసేవాడు, అక్కడో పుల్ల పాతేవాడు. భీమశంకరం ఆ పూట నేర్చుకున్నది తేదీ వేసి నోటుబుక్కులో రాసుకునేవాడు. తర్వాత గట్టు మీద కూర్చుని పేపరు పైకి చదివితే, మావుళ్ళు ప్రతి వార్తకీ ఏ డిపో మేనేజరు కాలంలో అంతకంటే ఘోరం ఏం జరిగిందో చెప్పేవాడు. భీమశంకరానికి ఉద్యోగంలో పైవాళ్ళుండేవారు, కిందివాళ్ళుండేవారు. పక్కన కూర్చునే మనిషి దొరకడం అతని జీవితంలో ఇదే మొదటిసారి. ఆ సంగతి అతను భార్యతో కూడా అనలేదు గాని, పొద్దున్నే వర్షం పడి మడికి వెళ్ళలేకపోతే కిటికీ దగ్గర నిలబడి పురపాలక సంఘాన్ని తిట్టేవాడు.

ఇంత హాయిగా ఉన్న పథకానికి ఏడాది నిండింది. వార్షికోత్సవం పెట్టారు. సమన్వయాధికారిగా కొత్తగా వచ్చిన ప్రద్యుమ్నగారు మైకు పట్టుకున్నారు. కుర్రవయసు, తెల్ల చొక్కా, చేతిలో ఎప్పుడూ ఒక పట్టిక.

"మీ మధ్య మైత్రి ఉందని అందరూ చెబుతున్నారు. సంతోషం. కానీ కాగితం మీద ఎక్కడుంది?" అన్నారాయన.

భీమశంకరానికి ఒళ్ళు పులకరించింది. రిటైరయ్యాక అతన్ని కాగితం అడిగిన మొదటి మనిషి ఆయనే. చెయ్యి దానంతటదే పైకి లేచింది. ఆ చెయ్యి ఆ రోజు జేబులో ఉండి ఉంటే మా ఊళ్ళో ఇరవై నాలుగు కుటుంబాలు సుఖంగా ఉండేవని తర్వాత అతనే చాలాసార్లు అన్నాడు.

తొమ్మిది రోజులు కూర్చుని రాశాడు. 'ఇరుగుపొరుగు మడుల సత్సంబంధాల నియమావళి', నలభై ఒక్క నిబంధనలు. పాదు నీడ పక్క మడి మీద ఏ వేళకి ఎంత పడవచ్చు, పలకరింపుకి ఎంత వ్యవధిలో బదులు పలకాలి, అన్నీ ఉన్నాయి. అతని భార్య భాస్కరమ్మ ఆ కట్టని చూసి, "వంకాయలు తెమ్మని పంపితే వీటిని తెచ్చారా? వీటితో కూరొండుతారా, పచ్చడి చేస్తారా?" అంది. భీమశంకరం వినిపించుకోలేదు. ప్రద్యుమ్నగారు చదివి లేచి నిలబడి చెయ్యి కలిపారు. అక్కడికక్కడే అతన్ని సామరస్య కార్యదర్శిగా నియమించారు. తగాదాల రిజిస్టరు ఒకటి, రబ్బరు స్టాంపు ఒకటి ఇచ్చారు.

మూడు నెలలకి మొదటి నివేదిక పట్టుకుని భీమశంకరం ఆఫీసుకి వెళ్ళాడు. రిజిస్టరులో గుండ్రటి అక్షరాలతో 'తగాదాలు: లేవు' అని రాసి, కింద గీత గీశాడు. అది తన నియమావళి గొప్పతనమేనని అతని ఉద్దేశం.

ప్రద్యుమ్నగారు ఆ పేజీని అటూ ఇటూ తిప్పి చూశారు. "లేవంటే ఎలాగండీ?"

"అందరూ సఖ్యంగా ఉన్నారండి."

"సఖ్యంగా ఉన్నారని మీరంటారు. పైవాళ్ళు నన్ను అడిగేది పరిష్కరించిన తగాదాల సంఖ్య. మైత్రికి సూచిక అదే. తగాదా లేనిచోట పరిష్కారం ఉండదు. పరిష్కారం లేనిచోట మైత్రి సున్నా. పక్క పురపాలక సంఘంలో ఎంతొచ్చిందో తెలుసా? అరవై రెండు! అక్కడ కత్తి కూడా దూశారు. వాళ్ళకి అవార్డొచ్చింది."

"మరి వాళ్ళు పోట్లాడుకుంటున్నారు కదండీ?"

"అదే చెబుతున్నా. అక్కడ మైత్రి చైతన్యవంతంగా ఉంది. మీది నిద్రాణ మైత్రి." ఆయన పట్టిక మీద వేలితో కొట్టారు. "ఇకమీదట పక్కపక్కనున్న ప్రతి రెండు మడుల జంటా త్రైమాసికానికి రెండు తగాదాలు నమోదు చేయాలి. చేయని మడులు రద్దు. వెయిటింగు లిస్టులో మూడొందల మంది ఉన్నారు. వాళ్ళలో పోట్లాడేవాళ్ళు చాలామంది ఉన్నారని నాకు సమాచారం."

జంటలు పన్నెండు, తగాదాలు ఇరవై నాలుగు. భీమశంకరం బస్సెక్కి ఇంటికొచ్చేలోపే వాటికి పట్టిక వేసేశాడు. సోమవారం ఒకటీ రెండూ మడులకి నీళ్ళ వంతు మీద. మంగళవారం మూడూ నాలుగూ మడులకి పందిరి నీడ మీద. గురువారం దినం మంచిది కాదని అయిదో మడివాళ్ళు అంటే శుక్రవారానికి మార్చాడు. తగువుకి మంచిరోజు చూడటంలో ఉన్న తమాషా అప్పుడు అతనికి తట్టలేదు.

పట్టికైతే వేశాడు గాని, మనుషులకి చేతకాలేదు. సోమవారం ఒకటో మడి పెద్దమనిషి ముందురోజంతా సాధన చేసి వచ్చి, "ఏమయ్యా, నా వంతు నీళ్ళు..." అని మొదలుపెట్టేసరికి, రెండో మడి ఆయన "అయ్యో, ముందు మీరే పెట్టుకోండి, నాకు తొందరేం లేదు" అనేశాడు. భీమశంకరం పక్కన రిజిస్టరు తెరిచి నిలబడి తల కొట్టుకున్నాడు.

పదమూడో మడి కరుణమ్మ పెద్దాసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి రిటైరైంది. అందరి అవస్థా చూసి ఆవిడే ఒక ఉపాయం చెప్పింది. "ఎందుకంత కష్టం? మిరపకాయలు చేతిలోంచి చేతికి ఇచ్చుకుంటే తగువులొస్తాయంటారుగా. మా అమ్మ చచ్చినా ఇచ్చేది కాదు, కింద పెడితే తీసుకోవాల్సిందే. అదేదో ఇచ్చుకుంటే సరి."

ఆవిడ నవ్వులాటకి అంది. అప్పుడే తనిఖీకి వచ్చిన ప్రద్యుమ్నగారు నోట్ చేసుకున్నారు. నాలుగో రోజున సర్క్యులర్ వచ్చింది: 'స్థానిక సంప్రదాయ విజ్ఞానమును వినియోగించుకొను దిశగా, మడిదారులందరు ప్రతి బుధవారము ఉదయము ఏడు గంటలకు తమ పొరుగువారికి అయిదు పచ్చిమిరపకాయలకు తక్కువ గాకుండ నేరుగా చేతికి అందించవలెను. నేలపై గాని, పళ్ళెములో గాని ఉంచి ఇచ్చుట నిషేధము.'

బుధవారం ఏడింటికి ఇరవై నాలుగు మడులవాళ్ళూ గట్లకి అటూ ఇటూ నిలబడ్డారు. భీమశంకరం విజిలు ఊదాడు. మిరపకాయలు చేతులు మారాయి. అందరూ తగువు కోసం ఎదురుచూస్తూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. కరుణమ్మ ఇచ్చిన మిరపకాయలు అందుకున్న పద్నాలుగో మడి టైలరు ఖాసింసాబు వాటిని వాసన చూసి, "అమ్మా, ఇవి బజ్జీకి బాగుంటాయి" అన్నాడు. ఆ పూట స్టవ్ తెప్పించి అక్కడే బజ్జీలు వేశారు. రిజిస్టరు మీద నూనె మరక పడింది తప్ప ఇంకేమీ పడలేదు.

తర్వాత శిక్షణ. రాజధాని నుంచి ఒక నిపుణుడు వచ్చి, 'తగాదా ఒక జీవన నైపుణ్యం' అని తెర మీద బొమ్మలు వేసి చూపించాడు. జంటలుగా నిలబెట్టి తిట్టుకోమన్నాడు. మావుళ్ళు వంతు వచ్చింది. ముప్పై ఏళ్ళు రోడ్డు మీద తిట్టిన మనిషి గదా అని అందరూ ఆశగా చూశారు. అతను భీమశంకరం ఎదురుగా నిలబడి రెండుసార్లు నోరు తెరిచి మూసుకున్నాడు.

"రావట్లేదండి. మొహం చూత్తా తిట్టలేనండి. చేతిలో స్టీరింగుండాలి, ఆయన సైకిలేసుకుని అడ్డంగా రావాలి."

నిపుణుడు అతనికి సున్నా మార్కులు వేశాడు. ఇంకో పన్నెండు రోజుల్లో త్రైమాసికం ముగుస్తుంది. పదకొండు, పన్నెండు మడుల జంట ఖాతాలో ఒక్క తగాదా కూడా లేదు. కార్యదర్శి మడే రద్దయితే పరువేం కావాలి? భీమశంకరం గట్టు మీద కూర్చుని విషయం కదిపాడు.

"నమూనాగా నీ మీద ఒక ఫిర్యాదు రాస్తాను మావుళ్ళూ. నీ బీరపాదు గట్టు దాటి నా వైపు వచ్చిందని. రాజీ అయిపోయిందని మర్నాడే రాసేద్దాం. మిగతావాళ్ళకి ఎలా రాయాలో తెలుస్తుంది."

"రాసుకోండి, దానికేం. పాదు వచ్చిన మాట నిజవేగా. కాయలు కూడా మీరే కోసుకున్నారు," అని మావుళ్ళు నవ్వాడు.

ఆ రోజు మధ్యాహ్నం భీమశంకరం కలం తీశాడు. రెండు వాక్యాలతో సరిపోయే పని. కానీ రెండు వాక్యాల ఫిర్యాదు తన పేరు మీద పోవడం అతనికి మనస్కరించలేదు. ఒక్క బీరపాదు మీద ఫిర్యాదు ఎలా నిలబడుతుంది? ఉద్దేశం చూపించాలి, పౌనఃపున్యం చూపించాలి, సాక్ష్యం జతపరచాలి. నోటుబుక్కు గుర్తొచ్చింది. అందులో మావుళ్ళు గట్టు దాటి వచ్చి నేర్పిన ప్రతి పాఠం తేదీతో సహా ఉంది. మొత్తం నూట పన్నెండు తేదీలు అనుబంధంగా చేర్చాడు. రాస్తున్నకొద్దీ వాక్యాలు తోసుకొచ్చాయి. చాలా ఏళ్ళ తర్వాత అతనికి ఆకలి కూడా తెలియలేదు. నిజం చెప్పాలంటే, మావుళ్ళు సంగతి కూడా మరిచిపోయాడు.

త్రైమాసికం ముగిసిన రోజున సామరస్య దినమని షామియానా వేసి, ఫిర్యాదులన్నీ పైకి చదివించారు. చాలావరకు 'నీళ్ళు కొంచెం ఎక్కువ పెట్టుకున్నారు, ఫర్వాలేదు' లాంటివి. పదకొండో మడి ఫిర్యాదు ప్రద్యుమ్నగారే స్వయంగా మైకులో చదివారు.

"'సదరు పన్నెండవ మడిదారు, నాకు సాగు నేర్పెదనను నెపమున, అనుదినము గట్టు దాటి నా మడిలో అక్రమముగా ప్రవేశించుచు, నా తెలియమిని ఆసరాగా గైకొని నాపై పెత్తనము చెలాయించుచున్నాడు. మొదట అతని బీరపాదు గట్టు దాటినది. దాని వెనుకనే అతని దురాశయు గట్టు దాటినది.'" ఆయన ఆగి చుట్టూ చూశారు. "ఇదండీ ఫిర్యాదంటే!"

చప్పట్లు కొట్టారు. ఉత్తమ ఫిర్యాదుగా ఎంపిక చేసి భీమశంకరానికి శాలువా కప్పారు. శాలువా కప్పించుకుంటూ అతను మావుళ్ళు కోసం చూశాడు. రెండో వరసలో మావుళ్ళు రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నాడు. నవ్వడం లేదు. చప్పట్లు అయిపోయాక లేచి బయటికి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున భీమశంకరం వెళ్ళేసరికి బీరపాదు గట్టు దగ్గర తెగి ఉంది. ఇటువైపు ఉన్న తీగంతా పువ్వులతో సహా వాడి పడి ఉంది. మావుళ్ళు మడి అవతలి చివర వీపు తిప్పుకుని పని చేసుకుంటున్నాడు. "మావుళ్ళూ," అంటే పలకలేదు. అప్పుడు భీమశంకరానికి తన ఇరవై మూడో నిబంధన జ్ఞాపకం వచ్చింది. తగాదా తేలేవరకూ ఉభయపక్షాలూ నేరుగా మాట్లాడుకోరాదు. ఏదైనా ఉంటే కార్యదర్శి ద్వారా తెలియజేసుకోవాలి. అవతలివాడు కోపంతో మాట్లాడటం లేదో, నిబంధన పాటిస్తున్నాడో తెలుసుకునే దారి కూడా తనే మూసేసుకున్నాడు.

మూడో రోజున మావుళ్ళు గట్టు దగ్గరికి వచ్చి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"సెక్రట్రీగారండీ."

"నేనేనయ్యా, చెప్పు."

"సెక్రట్రీగారితోనే మాట్లాడతన్నానండి. పదకొండో మడాయనకి ఓ కబురు చెప్పండి. ఆయన వంగమొక్కలకి కొమ్మలు తల వాల్చేశాయి. మొవ్వులో పురుగు పడింది. వాలిన కొమ్మలు తుంచేసి దూరంగా కాల్చెయ్యమనండి. లేపోతే తోటంతా పోద్ది. నేనెళ్ళి తుంచకూడదు గదా, ఆయన కాయితం పెట్టేడు."

"చెబుతాను," అన్నాడు భీమశంకరం.

మావుళ్ళు మళ్ళీ తన మడి పనిలో పడ్డాడు. భీమశంకరం నియమం ప్రకారం ఆ కబురు రిజిస్టరులో రాసి, స్టాంపు వేసి, పదకొండో మడిదారుకి తెలియజేయడమైనదని సంతకం పెట్టాడు. ముట్టినట్టు ఇంకో సంతకం కూడా తనే పెట్టాడు. తర్వాత వంగమొక్కల ముందు కూర్చున్నాడు. ఏ కొమ్మ ఎంతవరకు తుంచాలో తెలియలేదు. అడగడానికి నాలుగడుగుల దూరంలో మనిషున్నాడు. ఆ పూట అతను సగం తోట విరిచేశాడు.

పదో రోజున, తగాదాలు తేల్చే సామరస్య సంఘం విచారణ. రాజీ రాయించుకుని బయటపడదామని భీమశంకరం వెళ్ళాడు. ప్రద్యుమ్నగారి మొహం వెలిగిపోతోంది.

"అద్భుతమైన కేసండీ ఇది. అక్రమ ప్రవేశాలు నూట పన్నెండు, తేదీలతో సహా. మీ పద్నాలుగో నిబంధన ప్రకారం మూడు చాలు. పన్నెండో మడి కేటాయింపు రద్దు చేస్తున్నాం. వారంలో ఉత్తర్వు."

భీమశంకరం చేతులు జోడించాడు. "అయ్యా, అది నమూనా ఫిర్యాదండీ."

"నమూనా అయినంత మాత్రాన అబద్ధం కాదు గదా? ఈ తేదీల్లో ఆయన మీ మడిలోకి రాలేదా?"

"వచ్చాడండీ, నాకు నేర్పడానికి..."

"ఆ నెపం కూడా మీరే రాశారు."

"నేను ఫిర్యాదు వెనక్కి తీసుకుంటాను."

"ముప్పై ఒకటో నిబంధన," అన్నారు ప్రద్యుమ్నగారు, కళ్ళు మూసుకుని శ్లోకం చదివినట్టు. "'ఒకసారి దాఖలైన ఫిర్యాదును ఏ కారణము చేతను ఉపసంహరించుకొనుటకు వీలులేదు.' ఎంత ముందుచూపండీ మీది! నేను శిక్షణల్లో ఉదాహరిస్తున్నాను."

సర్వీసులో మనుషులు ఫిర్యాదులిచ్చి, ఫైలంతా తయారయ్యాక రాజీ పడిపోయి తన శ్రమ వృథా చేసేవారని కడుపుమంటతో రాసిన నిబంధన అది. భీమశంకరం ఇంటికొచ్చి నియమావళి ముందు పెట్టుకుని కూర్చున్నాడు. మూడు రోజులు అదే పని. ఏ మూల తట్టినా తను కొట్టిన మేకే తగిలింది.

"మీరు రాసిందేగా? ఎక్కడో ఒక కన్నం ఉండదూ?" అంది భాస్కరమ్మ.

"నేను రాసిందే గనక లేదు," అన్నాడు భీమశంకరం. జీవితంలో మొదటిసారి ఆ మాటలో గర్వం లేదు. "వాడికి ఆ మట్టి తప్ప ఇంకేం లేదే. నాకు వాడు తప్ప..." అని ఆగిపోయాడు.

భాస్కరమ్మ మంచినీళ్ళు తెచ్చి పక్కన పెట్టి వెళ్ళింది.

నాలుగో రోజున, నిర్వచనాల దగ్గర అతని వేలు ఆగింది. 'ఫిర్యాదుదారు అనగా, ఫిర్యాదు తేలు తేదీ నాటికి మడి కలిగియున్న వ్యక్తి.' బయటివాళ్ళు వచ్చి ఫిర్యాదులు పెట్టకుండా వేసిన కంచె. ఉత్తర్వు ఇంకా రాలేదు, అంటే ఫిర్యాదు ఇంకా తేలలేదు. మడి లేకపోతే ఫిర్యాదుదారు లేడు. ఫిర్యాదుదారు లేకపోతే ఫిర్యాదు లేదు. నలభై ఒక్క నిబంధనల్లో మిగిలిన కన్నం ఒక్కటే, అందులోంచి ఒక్క మనిషి పడతాడు.

భీమశంకరం కాగితం తీసి, 'నా మడిని వదులుకొనుచున్నాను. కార్యదర్శి పదవిని కూడా,' అని రాసి సంతకం పెట్టాడు. అతను రాసినవాటిలో అంత చిన్న ముసాయిదా మరొకటి లేదు.

ప్రద్యుమ్నగారు దాన్ని చూసి మొదట నిరాశపడ్డారు. "మీ స్థాయికి తగ్గట్టు లేదండీ. కారణాలేవీ?" అన్నారు. తర్వాత పట్టిక వైపు చూసి కాసేపు ఆలోచించి కుర్చీలోంచి లేచారు. పదకొండు, పన్నెండు మడుల మధ్య ఇక ఎప్పటికీ తగాదా రాదు! అటువంటి ఫలితం పక్క పురపాలక సంఘం కూడా సాధించలేదు. సాయంత్రానికి నోటు తయారైంది: 'ఉభయపక్షములలో ఒకరిని తొలగించుట ద్వారా శాశ్వత పరిష్కారము లభించుచున్నట్లు అనుభవపూర్వకముగా రుజువైనది. ఈ పద్ధతిని మిగిలిన మడులకు విస్తరింపజేయు విషయము పరిశీలనలో ఉన్నది.'

వారం రోజులు భీమశంకరం ఇల్లు కదలలేదు. ఎనిమిదో రోజున భాస్కరమ్మ సంచీ చేతికిచ్చి, కూరగాయలు కొనుక్కురమ్మని తరిమింది. కాళ్ళు బజారుకి పోలేదు. ఫిల్టరు బెడ్ల కంచె దగ్గర బాట మీద నిలబడ్డాడు. పదకొండో మడిలో కలుపు లేచింది. పన్నెండో మడిలో మావుళ్ళు గోంగూర వరసల మధ్య వంగి ఉన్నాడు. తల ఎత్తి చూసి, చేతులు దులుపుకుని కంచె దాకా వచ్చాడు.

"కరుణమ్మగారు చెప్పారండి, మీరు మడి ఒదిలేసుకున్నారంట."

"అవును."

"మంచి పని చెయ్యలేదు. నన్నడగాల్సింది."

"అడగడానికి నిబంధన ఒప్పుకోదు," అన్నాడు భీమశంకరం. అని, సిగ్గుపడ్డాడు.

మావుళ్ళు కంచె తీగ మీద చెయ్యి వేశాడు. "ఒక్క మాటడుగుతా, నిజం చెప్పాలి. 'నెపమున' అని రాసేరు. నేను నేర్పింది నెపమనే అనుకున్నారా?"

"లేదు. ఏనాడూ అనుకోలేదు."

"మరెందుకు రాసేరండి?"

భీమశంకరం దగ్గర సమాధానాలు చాలా ఉన్నాయి. త్రైమాసికం ముగిసిపోతోందనవచ్చు. కోటా ఉందనవచ్చు. పైవాళ్ళ పేరు చెప్పవచ్చు. ముప్పై నాలుగేళ్ళు అవే చెప్పి బతికాడు. ఆ మొహం చూస్తూ ఒక్కటీ నోటికి రాలేదు.

"వాక్యం బాగా కుదిరిందని," అన్నాడు. "ఆ మాట తీసేస్తే చప్పగా ఉందని."

మావుళ్ళు తల ఊపాడు. "బాగానే కుదిరిందండి. అక్కడ కూచుని ఇంటా ఉంటే, నేను నిజంగానే అలాంటోణ్ణేమో అనిపించేసింది నాకు."

భీమశంకరానికి కళ్ళ నీళ్ళు ఆగలేదు. "తప్పయిపోయింది మావుళ్ళూ. పెద్ద తప్పు," అన్నాడు. ఖాళీ సంచీతో మొహం తుడుచుకున్నాడు.

మావుళ్ళు కలుపు తీసే తొలిక అందుకుని వెనక్కి తిరిగాడు. నాలుగడుగులు వేసి ఆగి, "రండి మరి. మడి లేనోళ్ళకి నిబంధనలేటి? ఈ వరసలో కలుపు తియ్యండి. గోంగూర పీకేత్తారేమో, ఏది కలుపో అడిగి మరీ తియ్యండి," అన్నాడు.

భీమశంకరం కంచె తలుపు తోసుకుని వెళ్ళి, పంచె ఎగదోపుకుని వరస మొదట్లో కూర్చున్నాడు. చేతికి అందిన మొదటి మొక్కని పట్టుకుని, ఇది పీకమంటావా అని అడిగాడు.